మోకాలు తగిలితే

మస్తాన్‌బీ ముక్క నా దగ్గరికి మంగళవారం వచ్చింది,
మైనంలో, గోరంత.
పొరలుగా కోశాను,
ఊదాలో ఒకసారి, గులాబీలో ఒకసారి ముంచాను.
పెద్దాసుపత్రిలో కరెంటు పోయి వచ్చాక
మైక్రోస్కోపు కింద పెట్టాను.

ఎక్కడా వరస లేదు.

ముప్పై ఏళ్లు మిర్చి యార్డులో తొడిమలు తీసిన మనిషి.
రిపోర్టు కోసం వచ్చి,
ఘాటు లేని చోట కూడా కొంగు ముక్కుకి అడ్డంపెట్టుకుని
తనే చెప్పింది:
"బారుగా కూర్చుంటాం బాబూ.
పక్కదాని మోకాలు తగిలిందా,
చోటు అయిపోయిందని లెక్క.
ఎవరూ చెప్పక్కర్లేదు."

కణాలదీ అదే మర్యాద.
ఒకదానికొకటి తగలగానే
లోపలికి చిన్న కబురు పోతుంది: ఇక చాలు.

ఈ ముక్కలో ఆ కబురు ఎవరికీ అందలేదు.
ఎక్కడో ఒక్క అక్షరం తప్పింది,
నొక్కిన మీట మళ్లీ పైకి లేవలేదు,
గుమ్మంలో ఎవరూ లేకుండానే గంట మోగుతోంది.
పెరుగు, పెరుగు, పెరుగు.
డాక్టరమ్మ ఇదంతా విడమరిచి చెబితే
మస్తాన్‌బీ అడిగింది,
"అయితే పెరుగు మానెయ్యాలా అమ్మా?"
నవ్వబోయి ఆగిపోయాం.

తప్పు రాత పట్టుకుని
"నువ్విక చాలించు" అనాల్సిన కాపలావాడు
నిద్రపోయాడో, లేనే లేడో
నా రెండు రంగులకీ తెలియదు.

ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీల్లో
చీటీ చూపించందే బస్తా కదలదు.
ప్రతి కణంలోనూ అలాంటి గిడ్డంగి ఒకటి.
తల్లి కడుపులో ఉన్న రోజుల్లో
కణాలు నడిచాయి,
వెన్ను దగ్గర బయల్దేరి మొహం దాకా, గుండె దాకా.
చేరాక ఆ నడకని మూటగట్టి
అన్నిటికంటే అడుగున వేసి తాళం పెట్టారు.
చీటీ లేకుండా
ఇన్నేళ్లకి ఎవరు తీయించారో.

కొత్త విద్యేం కాదు.
ఆమెని ఆమెగా చేసిన నడకే,
వేళ కాని వేళ.

అంచున ఒక కణం కనబడింది.
గుండ్రదనం పోయి సాగింది,
పక్కవాళ్ల చెయ్యి వదిలేసింది,
రక్తనాళం వైపు మొగ్గి ఉంది.
టీ చల్లారేదాకా దాన్నే చూశాను.

ఊపిరితిత్తుల స్కానింగు రేపు.

వరండాలో బెంచీ నిండిపోయింది.
చంటిబిడ్డనెత్తుకుని ఎవరో వచ్చి చివర కూర్చుంటే
మోకాలు తగిలినట్టుంది,
ఆనందపేట ఆటో ఎక్కడ దొరుకుతుందని నన్నడుగుతూనే
మస్తాన్‌బీ
జరిగింది.