గేటుకి యాభై గజాల ఇవతల

పదారేళ్ళ బట్టి ఇజీనారంలో ఆటో తోల్తన్నాను.
ఎవుడు ఏ రోగంతో వచ్చేడో
మొకం సూసి సెప్పలేను గానీ
దిగిన సోటు సూసి సెప్పీగల్ను.

జొరమొచ్చినోడు గేటు కాడ దిగుతాడు.
సెయ్యిరిగినోడు మెట్ల దాకా పోనీమంటాడు.
పాము కరిసినోడైతే
ఆటోతోటే వార్డులోకి పోనీరా అని ఏడుస్తాడు.

ఇంకో రకముంది.
పెద్దాసుపత్రికి యాభై గజాల ఇవతల
టైర్ల కొట్టు కాడ ఆపమంటాడు.
టైర్లతో పనుండదు.
తువ్వాలు తలకి సుట్టి, మూతికి సుట్టి,
కళ్ళు రెండే మిగుల్చుకుని
గోడవారనే ఎల్తాడు.
ఆ గోడ నిండా కాయితాలు:
రహస్య రోగాలు, ప్రతి నెలా అయిదో తారీకు,
లాడ్జీ పేరు, రూము నెంబరు పద్నాలుగు.
సగం మంది ఆ కాయితం కాడే ఆగిపోతారు.
సెల్లులో నెంబరు కొట్టుకుని
తిరిగొచ్చి నా ఆటోయే ఎక్కుతారు.
నాను అద్దంలో సూసి నవ్వుకునీవోణ్ణి.

ఆషాడంలో రాయగడ కిరాయికెల్లి
రెండ్రాత్రులుండిపోయేను.
ఆ సంగతి ఇక్కడ సెప్పను.
సెప్పాల్సిన కాడ సెప్పేను.

పదోరోజుకి
ఒంటేలుకెల్తే కారం పూసినట్టు.
మందుల షాపుకెల్తే
కౌంటరు కాడ ఇద్దరాడోలున్నారు.
తలనొప్పి బిళ్ళలు కొనుక్కుని వచ్చీసేను.
తర్వాత, ఇంకేటి, పద్నాలుగో నెంబరుకే ఎల్లేను.
గోడకి గుర్రం బొమ్మ, బల్ల మీద నల్ల లేహ్యం.
నాడట్టుకుని, నీ రకతం నీరైపోనాదన్నాడాడు.
నాలుగేలు.
సన్నాసమ్మ డ్వాక్రా వాయిదాకి దాసిన సొమ్ము.
మంట మాత్రం అలగే ఉంది.

ఓ సోమారం పొద్దుట
టైర్ల కొట్టు కాడ
నా ఆటో నానే ఆపుకున్నాను.

పదకొండో గది ముందర బల్ల.
మిల్లు యూనిఫారం ఒకడు, పుస్తకాల సంచీతో ఒకడు,
పెళ్ళి కంకణం ఇంకా ఇప్పనోడొకడు.
అందరి సూపులూ నేల మీదే,
సిల్లర పడిపోనట్టు.
మూలనున్నోడు నన్ను సూసి ఉలిక్కిపడ్డాడు.
నా కిరాయే, అంతకు ముందు శుక్రోరం.
కాసేపు సూసి
తువ్వాలు గెడ్డం దాకా దించేడు.
నానూ దించేను.
ఆ గదిలో ముందుగా తగ్గినది అదే.

లోపలున్న మేడమ్మ నా సెల్లికన్నా సిన్నది.
ఎన్నాళ్ళ బట్టి, అనడిగింది,
ఎంతవుతాది కోట జంక్షనుకి, అన్నట్టే.
తిట్టనేదు. సీ అననేదు.
రకతం తీయించి, బూడిదరంగు పొట్లాలు రెండిచ్చింది.
ఒకటి నీకు, ఒకటి ఇంట్లో ఆవిడికి.
ఆవిడ్నీ ఒకపాలి తీసుకురా బాబూ,
నువ్వొక్కడివే మింగితే మళ్ళీ మొదటికొస్తాది.

రెండో పొట్లం మూడ్రోజులు
డ్రైవరు సీటు కింద, జాకీ పక్కన పడుకుంది.

నాలుగోరోజు రాత్రి సెప్పేను.
సన్నాసమ్మ అరవనేదు.
అరిస్తే బాగున్ను.
గంజి పొంగి పొయ్యారిపోతన్నా
కుండ దించనేదు.

తెల్లారి ఎనక సీట్లో కూకుంది,
సెంటర్లో ఎక్కిన మనిసిలాగ.
టైర్ల కొట్టు కాడ
నా కాలు దానంతటదే బ్రేకు మీదకెల్లింది.
ఎందుకాపేవు?
నాను పలకనేదు.
తువ్వాలేసి సూసింది నా మెడలో.

ఘోషాసుపత్రిలో ఇద్దరు గుంటల్ని కన్నాను.
ఎవులు సూసేరో, ఎవులెవులు సెయ్యెట్టేరో
నాకు నెక్కనేదు.
ఆ రోజు నాకో తువ్వాలిచ్చేవేటి?
గేటు దాకా పోనీ.

రాజుల నాడు తెర సాటు ఆడోలకని
కట్టించినారంట ఆ ఆసుపత్రి, అందుకే ఆ పేరంట.
ఆ తెర ఎప్పుడు మా తలకాయల మీదకొచ్చిందో!

గేటు కాడ దిగి
జాకెట్లోంచి యాభై తీసి నా సేతిలో ఎట్టింది.
కిరాయి.
ఎనక్కి సూడకుండా ఎల్లిపోయింది,
పమిట కొంగు కూడా సర్దుకోకుండా.

ఆ నోటు అద్దం ఎనకాల ఉంది. మార్సనేదు.
పొట్లంలో బిళ్ళలు ఇద్దరివీ అయిపోయేయి.
మాటలింకా సరిగ్గా రానేదు మా ఇంట్లో.

టైర్ల కొట్టు కాడ ఆపమన్నోళ్ళని
ఇప్పుడు మెల్లగా అడుగుతాను,
గేటు దాకా పోనీమంటావేటి బావూ, అని.
ఇద్దరొద్దంటారు.
మూడోవోడు ఏటీ అనడు.
ఏటీ అననోణ్ణి
గేటు దాకా తోల్తాను.