మందు అనే మాటకు అనువాదం

మంగళవారం, బెంగళూరు, నాలుగో అంతస్తు హాలు.
ఏసీ చలికి సుంకులమ్మ
ఆకుపచ్చ కోటు గుండీలు మెడదాకా పెట్టుకుంది.
గంజాయి మీద కొత్త విధానం రాయబోతున్న కమిటీకి
ఆమె పదకొండో సాక్షి.
ఆమె తెలుగును కన్నడంలోకి మోసే కూలీని నేను,
గంటకు ఆరువందలు.

మొదటి మాట దగ్గరే తడబడ్డాను.
"మందు దొరుకుతాది సారూ, బడి గోడెనక" అంది.
మందంటే మాకు జ్వరం బిళ్ళ,
మందంటే సారా,
పత్తిచేలో పురుక్కి కొట్టేదీ మందే,
అప్పులవాళ్ళు తలుపు తట్టిన రాత్రి
మామయ్య తాగిందీ మందే.
ఏ మందు? అని చెవిలో అడిగితే
"యాళకి ఎవురిచ్చినారో దాన్ని బట్టి" అంది.
ఆ వాక్యం కన్నడంలోకి సగమే వెళ్ళింది.

తెల్లారుజామున నాలుగున్నరకే
ఆమె ఇందిరానగర్ వందడుగుల రోడ్డు ఊడుస్తుంది.
పబ్బుల సందులో చిన్న జిప్ కవర్లు,
బడి వెనక సందులో అవే కవర్లు,
బుధవారం కన్నా ఆదివారం ఎక్కువ,
పరీక్షలప్పుడు అన్నిటికన్నా ఎక్కువ.
కమిటీ దగ్గర లేని లెక్క అది.
ఎవరూ రాసుకోలేదు.

కొడుకు సంగతి అడిగారు.
మారెన్న, పదిహేడేళ్ళు.
"తొమ్మిదో అంతస్తు పిల్లోడూ మావాడూ
ఒకే కవరు, ఒకే మెట్ల కింద.
ఆ అబ్బికి డాక్టరు చీటీ రాసినారు.
మావానికి కేసు రాసినారు."
కాసేపాగి, ఎవరూ అడక్కుండానే,
"ఆ అబ్బి గూడా నిద్రపోడంట.
గోడలు తనతో మాట్లాడతాయంటాడంట.
వాళ్ళమ్మ చెత్తబుట్ట అందిస్తా నా ముందరే ఏడ్చింది.
ఆ వయసు తలకాయ తడారని సిమెంటు సారూ,
ఏ కాలు పడితే ఆ గుర్తు ఉండిపోతాది."

విశ్రాంత హెడ్మాస్టరొకాయన
తనకూ కాస్త తెలుగు వచ్చునని నవ్వుతూ,
తులసివనంలో గంజాయి మొక్క అంటారు కదమ్మా మీలో, అన్నాడు.
సుంకులమ్మ నవ్వలేదు.
"మా వీధిలో తులసివనం ఎవురేసినారు సామీ?"
ఇది మాత్రం పొల్లు పోకుండా చేరవేశాను.

చట్టానికి ఆకు వేరు, పువ్వు వేరు
అని లాయరమ్మ వివరించింది.
అంత సన్నని తేడా పట్టే కన్ను
పిల్లాడికీ పిల్లాడికీ మధ్య
పిన్‌కోడ్ ఎందుకు చూస్తుందో
అడగాలనిపించింది.
అనువాదకులు అడగరాదు.

చివరికి చైర్మన్ గడియారం చూసి,
"ఒక్క మాటలో చెప్పమనండి.
మూసెయ్యాలా, తెరవాలా?"

"మ్యాన్‌హోలు మూతనడిగినట్టు అడుగుతాండారే" అంది.
"మూసిపెడితే లోపల గ్యాసు పెరుగుతాది.
తెరిచిపెట్టి పోతే బడికి పోయే బిడ్డ పడతాది.
మూత తీసి శానాసేపు గాలాడనియ్యాల.
చుట్టూ తాడు కట్టాల, పిలకాయల్ని ఆ పక్కకు రానీకూడదు.
దిగినోన్ని పైకి లాగేదానికి
ఒక మనిషి పైన నిలబడుండాల.
ఆ మనిషి చేతిలో లాఠీ ఉండకూడదు."
తర్వాత గొంతు తగ్గించి, నాకు మాత్రమే,
"మా ఆయన దిగిననాడు పైన ఎవురూ లేరమ్మా."
ఇదీ చెప్పనా అన్నట్టు చూశాను.
తల అడ్డంగా ఊపింది.

సాయంత్రానికి మినిట్స్ చేతికొచ్చాయి:
పదకొండో సాక్షి స్పష్టమైన అభిప్రాయం వెల్లడించలేదు.
అంచున పెన్సిలుతో
గాలి, తాడు, మనిషి
అని రాసి తిప్పి పంపాను.
రబ్బరు ఎవరి దగ్గరుందో తెలీదు.

రేపు నాలుగున్నరకు
ఆమె మళ్ళీ బడి గోడ వెనక్కి వెళుతుంది.
ఎనిమిదింటికి గంట కొట్టేలోగా
ఆ కవర్లన్నీ ఏరి సంచిలో వేస్తుంది.
ప్రస్తుతానికి
అమల్లో ఉన్న విధానం అదే.