నాకా ఇల్లు

తల వంచి రండ్రి.
ఈ దర్వాజ మనిషి కొలతకు వెట్టింది కాదు,
వచ్చినోడు సర్కారుకు మొక్కి రావాలెనని.

నిజాం కాలంల ఇది కరోడ్‌గిరి నాకా.
కిష్ట దాటొచ్చిన మిరప బస్తాలు
ఇగో, ఈ మంచాలున్న కాడనే తూకమయ్యేటియి.
ఎండాకాలం బండలు కడిగితే
ఇంకా తుమ్ములొస్తయి. అబద్ధమెందుకు.

వేలంల మా తాత దస్తగిరి పాడిండు,
దూది ఏకిన పైసలు, మూడొందల హాలీ.
తరాజు కొక్కేనికి తొట్టెల గట్టిండ్రు,
ముగ్గురం అండ్లనే ఊగినం.
జప్తు కొట్టుల ఇప్పుడు బియ్యం, పాత సైకిలు.

మూడు పాళ్లు కావాలె, అందుకే అమ్ముడు.
వాస్తు మాత్రం నన్నడగకుండ్రి.
పన్ను గట్టే బొక్క ఈశాన్యంల ఉన్నది.
మూస్తరో ఉంచుతరో మీ ఇష్టం.

పోయిన ఐతారం హుజూర్‌నగర్ ఆయనొకడు
గోడ మందం చూస్తనని బయటికి వోయి
ఆ బొక్కల చెయ్యి వెట్టిండు,
మోచేతి దాకా.

లోపల పొయ్యి కాడ మా వదిన సైదమ్మ
పెనం మీది జొన్నరొట్టె తీసి
ఇంత కారమద్ది
ఆ అరచేతుల వెట్టింది.
ఎవరి చెయ్యో చూడలే.