మూడో గేరు

కుటయిసిలో వాన వెలిసిన ఆదివారం.
ఇటుకలెక్కిన నీవా కింద
వెల్లకిలా త్సియాలా.

"పైన నింపే బిరడా ఊడితేనే
కిందది ముట్టుకో!"
మేడ మీంచి ఒతార్, సగం కొరికిన పియర్ పండుతో.
ఆమె ఎప్పుడో ఊడదీసింది. చెప్పలేదు.

వెచ్చటి నూనె, గంధకం కంపు,
కోసిన వైన్ డబ్బాలోకి
నల్లగా, తీరిగ్గా.

బిరడా కొసన అయస్కాంతం.
దాని మీద బూడిదరంగు నూగు:
తమ్ముడు బాద్రి బండి నేర్చిన వేసవంతా
మూడో గేరు పళ్ళు కొరికిన పొడి.
ఎంత తిట్టిందో అప్పుడు!
వాడిప్పుడు బటూమి బస్సు నడుపుతాడు.

గుడ్డకి తుడవబోయి
వేలిని ఎండకి తిప్పింది.
మెరుస్తోంది.

కొత్త నూనె, పొర్లేదాకా.
సాయంత్రం వంతెన ఎక్కుతుంటే
మూడోది గొణిగింది,
కాస్త మర్యాదగా.