గున్హా కబూల్?

సిరొంచ కోర్టులో నా పని చిన్నది.
ఇటు తెలుగు పోస్తే అటు మరాఠీ రావాలి,
మధ్యలో చుక్క కారకూడదు.
పద్నాలుగేళ్లుగా కారుతూనే ఉంది.

ఇవాళ బోనులో ఆత్రం జంగుబాయి.
ఐదు లీటర్ల ఇప్పసారా, ఒక సత్తు గిన్నె,
బల్ల మీద లక్కతో సీలేసిన సీసా.
లక్క చుట్టూ దారి వెతుక్కుంటూ ఒక చీమ.

"గున్హా కబూల్ ఆహే కా?" అన్నారు జడ్జిగారు.
గున్హా అంటే నేరం. నిఘంటువుకి అనుమానం లేదు.
ఈమెకి మాత్రం నేరం అనే మాటతో పరిచయం లేదు.
తప్పు తెలుసు: కోడలి వంతు అంబలి తాను తాగడం.
పాపం తెలుసు: పూత మీదున్న ఇప్పచెట్టుకి గొడ్డలి పెట్టడం.
చివరికి అడిగాను, "తప్పు చేసినవా అవ్వా?"
"చెయ్యలే."
నా నోట్లో అప్పుడే విడుదలైపోయింది,
కాగితం మీద కాదు.

వకీలు లేచాడు. నేరానికి రెండు కాళ్లట,
చేసిన పని ఒకటి, చేయాలన్న తలంపు ఒకటి.
పని సీసాలో ఉంది.
తలంపు కోసం అడిగితే
"సచ్చినోని దినానికి నలుగురికి పొయ్యాలె గద బిడ్డా" అంది.
తిప్పి చెప్పాను. జడ్జిగారు తలూపారు.
టైపిస్టు వేళ్లు మాత్రం కదల్లేదు.

పోయిన ఎండాకాలం నాగపూర్ నుంచి పరిశోధనకని ఒక అమ్మాయి వచ్చింది.
రోజుకింత అని మాట్లాడుకుని ఆమెకీ నేనే దుబాసీని.
ఆదాయమెంత, చదువెంత, ఇంట్లో ఎందరు తాగుతారు?
ఆకలే నేరం చేయిస్తుందని ఒక పుస్తకంలో ఉందట,
పేరు పెట్టాకే నేరం పుడుతుందని ఇంకో పుస్తకంలో.
జంగుబాయి అన్నీ విని, తునికాకు కట్ట కడుతూ అడిగింది:
"గీ కాయిదంల పోలీసోళ్లు ఏ గడిల ఉంటరు?"
అమ్మాయి కాగితాలు తిరగేసింది, మళ్లీ తిరగేసింది.
గడి లేదు. పక్కన ఖాళీలో పెన్నుతో రాసుకుంది.

కిటికీలోంచి గోదావరి కనిపిస్తుంది.
అవతలి ఒడ్డున వైన్ షాపు, లైట్ల బోర్డు,
పండగనాడు బారులు తీరిన మనుషులు.
బ్రిడ్జి నడుమ ఎక్కడో, ఏ స్తంభం దగ్గరో,
అదే సీసా సరుకు నుంచి సాక్ష్యంగా మారుతుంది.
మొన్న ఆదివారం వంకాయల కింద పెట్టుకుని
నేనూ ఆ స్తంభం దాటాను.

నవ్వుకోవచ్చు ఈ చట్టాన్ని.
కానీ సారా మూయించండని
గడ్చిరోలి దాకా నడిచిన ఆడవాళ్లలో మా అమ్మ ఉంది.
ఆమె కణత మీద గాజుపెంకు గీత,
నాన్న పోయాక కూడా పోలేదు.
ఆ గీతని ఏ భాషలోకీ తిప్పమని
నన్నెవరూ అడగలేదు.

ఐదొందలు జరిమానా.
వేలిముద్ర వేస్తూ ముసలామె గొణిగింది,
"దొరికితే దొంగ, దొరకకుంటె దొర."
"కాయ్ మ్హణాలీ?" అన్నారు జడ్జిగారు.
మరాఠీలో ఆ మూడు మాటలూ ఒక తల్లి బిడ్డలు కావు.
పైగా వంకాయలు గుర్తొచ్చాయి.
"కాహీ నాహీ, సాహెబ్" అన్నాను,
ప్రమాణం చేసిన నోటితోనే.

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి
బల్ల వైపు చెయ్యి చూపింది:
"గిన్నె ఇస్తరా?"

అదొక్కటే ఇవాళ
చుక్క కారకుండా తిప్పగలిగాను.