అవతలి కడియం

లాలాగూడ వర్క్‌షాప్ సైరన్ మోగే యాళ్లకు
మా అమ్మ పొయ్యి మీద పెద్దకూర కుతకుతలాడేది.
ప్రేమవిందుకైతే బగోన నిండా,
కారం ఒక పిడికెడు తగ్గించి,
"చిన్నపిల్లలు గూడ తింటరు గదనే" అనుకుంట.

ఆ బగోన ఇప్పుడు నాది.
కడుపంతా సొట్టలు.
రెండు కడియాల్ల ఒకటి వదులైంది.
ముప్పై ఏండ్ల నుంచి చర్చి వెనక రేకుల కింద
దాన్ని నేనే దించుతున్న.

పోయిన కోతపండుగ నాడు
కొత్తగ వచ్చిన వైదేహి
పళ్లెంల అన్నం, ఇంత మజ్జిగ పోసుకొని
గేటు అవతల ఆటో నీడల నిలబడి తిన్నది.
ఒక్క మాట అనలే.
మాటలన్నీ మావోళ్లే అన్నరు.

కమిటీల తీతన్న బల్ల గుద్దిండు:
"మన తిండికి ముక్కు మూసుకునేటోళ్లు
మనతో రొట్టె ఎట్ల విరుస్తరు?"
నెహెమ్యా సారు అద్దాలు తుడుసుకుంట:
"ఒక మనిషి కోసం ఒక కూర మానలేమా?
ఈసారి పప్పు, సాంబారు చాలు."

ఆ 'చాలు'
ఎక్కడ తగలాల్నో అక్కడ తగిలింది నాకు.
బడిల నా డబ్బా మూత తీసిన మధ్యాహ్నం
బెంచీ బెంచీ ఖాళీ అయింది.
తార్నాకల కిరాయి ఇల్లు అడుగుతే
పేరు కంటే ముందుగాల
ఏం తింటరని అడిగింది ఓనరమ్మ.
ఊరంతా మూత పెట్టమన్న గిన్నెను
దేవుని ఇంట్లనన్న తెరిసి పెట్టుకుందామంటే
ఇక్కడ గూడ పెట్టమంటరా మూత?

ఆ కోపంతోనే మెట్టుగూడ పోయిన.
మూడో అంతస్తు, లిఫ్టు లేదు.
మెట్టుకొక మాట నూరుకుంట ఎక్కిన.

తలుపు తీసింది. మొఖం పీక్కపోయింది.
గట్టు మీద స్టీలు గిన్నె,
గిన్నె మీద పళ్లెం,
పళ్లెం మీద రోకలిబండ.
పిల్లి కోసం కాదు.
"మూడుసార్లు ప్రయత్నించానక్కా," అంది,
"ఒక్క ముక్క తింటేనే
పాతదంతా వదిలినట్టని ఎవరో అన్నారు.
నోట్లో పెట్టుకున్నాను. నిలవలేదు.
నా విశ్వాసమే తక్కువేమో?"

ఆ ఎవరో ఎవరో నాకెరుక.
కోతపండుగ నాడు గరిట పట్టుకొని
నవ్వుకుంట అన్నది నేనే.
పాపం, పేరు పెట్టలేదు పిల్ల.

నూరుకొచ్చిన మాటలు గొంతులనే మొద్దుబారినయి.
నా డబ్బా మూసినోళ్లను
నలభై ఏండ్లు తిట్టుకున్న.
ఈ పిల్ల నోరు తెరిపిచ్చినోళ్ల లెక్క
సింకు పక్కన నిలబడి ఇప్పుడు మొదలు పెట్టిన.

"విశ్వాసం నాలిక మీద ఉండదు బిడ్డా," అన్న,
"ఉంటే మా తీతన్న
ఎప్పుడో పరలోకంల కూసునేటోడు."
నవ్వింది. ముక్కు చీదింది.
ఆ గిన్నె నేనే ఇంటికి తెచ్చుకొని తిన్న.
అల్లం వెయ్యనే లేదు పిచ్చిది.

ఈ ఏడు కోతపండుగ.
మోండా మార్కెట్ల కొత్త గంజు కొన్న, గోంగూర పప్పుకు.
పెద్దకూర మానలే. మాన.
అది మైలన్నోనికి ఇప్పటికీ నా దగ్గర జవాబుంది.
కానీ అమ్మ పొయ్యిని
గాలి మర్లే దిక్కుకు, రేగుచెట్టు అవతలికి జరిపిన.
ఇరవై అడుగులు.
నా మోకాళ్లకు అది తక్కువ దూరం కాదు.

నెహెమ్యా సారు మొఖం ముడుసుకున్నడు.
తీతన్న రెండూ తిన్నడు,
ఏది బాగుందో చెప్పలే.

అంతకు ముందు, దించే యాళ్లకు
నా కొడుకు ఫోన్ల ఉండె.
"అక్కా, అటువైపు నేను పడతాను."
చున్నీ ముక్కుకు కట్టుకొని, తడిగుడ్డ చేతిల పట్టుకొని
వైదేహి.
"వాసన ఆగగలుగుతవా?"
"చర్చి దాకా కాదు కదా, బల్ల దాకే కదా."

వదులు కడియం నా దిక్కు తిప్పుకున్న.
గట్టిది ఆమెకిచ్చిన.
లేపినం. నడుమ పొగలు.
ఆమె తల పక్కకు తిప్పుకొని నడుస్తున్నది,
నేను ఆమె కాళ్లు చూసుకుంట
అడుగులు చిన్నగ వేస్తున్న.