బెత్తెడు ఎక్కువ

లిమ్‌ఫ్యోర్డ్ ఒడ్డున నా కొట్టు.
ఒకప్పుడు గాలాలకు కర్రలు చేసేవాణ్ణి.
చేపలు తగ్గాయో, పట్టేవాళ్లే తగ్గారో,
ఇప్పుడు నేలను వినే యంత్రాలకు కాడలు కోస్తున్నాను.

కంపెనీ పంపే కాడ
ఎవరి చేతి కొలతా కాదు,
అందరికీ పంపే కొలత.
తేడా ఏమిటో సాయంత్రానికి భుజం చెబుతుంది.

బార్లీ కోసేసిన సెప్టెంబరులో ఇంగెలిసె వచ్చింది.
మోర్స్ దీవిలో ముప్పై రెండేళ్లు ఉత్తరాలు పంచిన మనిషి,
కాళ్లకు బలపాలు కట్టుకుని తిరిగిన మనిషి.
యంత్రాన్ని బల్ల మీద పడేసి
"ఇది అబద్ధాలాడుతోంది, టోర్కిల్" అంది.
"రెండడుగులకోసారి కూస్తుంది.
కొండంత తవ్వాను. ఎలుక కూడా లేదు."

చుట్ట దగ్గరి మర చూశాను, నైలాను.
కింది కాడ, ఫైబరు.
బూట్లు, మోకాలిదాకా రబ్బరు.
"నడువు" అన్నాను.
రంపపు పొట్టులో నడిచింది
కుడిచేత్తో యంత్రాన్ని గడ్డి కోస్తున్నట్టు ఊపుతూ.
ఎడమ కాలు ముందుకు పడగానే కూత.
మళ్లీ ఎడమ కాలు. మళ్లీ కూత.

ఇద్దరం ఆ కాలివైపే చూశాం.
"ఓ..." అంది, దొంగతనం బయటపడ్డట్టు.
ఎప్పుడో మంచు గడ్డకట్టిన ఫిబ్రవరిలో
ఎవరిదో కరెంటు బిల్లు ఇవ్వబోయి సైకిలు జారింది.
పిక్కలో ఒక పలక, ఏడు మరలు.
"అది వస్తువని ఎప్పుడూ అనుకోలేదు" అంది.
బలపం కాదన్నమాట, ఉక్కు.

నిలబెట్టి కొలిచాను.
మోచేయి వదులుగా, నడుం నిటారుగా,
చుట్టకూ నేలకూ మధ్య రెండు వేళ్ల సందు.
లెక్క తేలాక దానికి బెత్తెడు కలిపాను,
కాలు మాటలు యంత్రం చెవిన పడకుండా.
కాడ పొడుగైతే ముక్కు బరువెక్కుతుంది,
మణికట్టు మొరాయిస్తుంది.
అందుకని మోచేతి వెనక గొట్టంలో
గుప్పెడు సముద్రపు ఇసుక పోసి మూత బిగించాను.

చేతిపట్టీకి తపాలా ఎరుపు చూపిస్తే
"ముప్పై రెండేళ్లు చాలు" అని పచ్చది తీసుకుంది.
చెవులకు తగిలించుకునేవి వద్దంది,
అడవిబాతులు దిగే కాలమట, వినాలట.
సంచీ వద్దంది. జేబులున్నాయంది.
బేరం మాత్రం గంటసేపు ఆడింది.

మూడో ఏడు మార్చిలో మళ్లీ వచ్చింది,
చేతిలో జామ్ సీసా.
అందులో జామ్ లేదు.
"వదులయ్యాయని వీబోర్గ్‌లో తీసేశారు" అంటూ కదిపింది,
గలగలమన్నాయి.
"ఇప్పుడు కాడ పొడుగైంది. కోసెయ్."

కార్బన్ గొట్టం కలపలా కాదు,
తొందరపడితే పీచులు పీచులుగా చీలుతుంది.
గుర్తు చుట్టూ టేపు వేసి,
నీళ్లు చిలకరించి, ఆ నల్లదుమ్ము లేవకుండా,
సన్నపళ్ల రంపంతో ఊపిరి బిగబట్టి కోశాను.
బెత్తెడు ముక్క బల్ల మీద దొర్లింది.
"ఇది కావాలా?"
"ఎందుకు?" అంది. చెత్తబుట్టలో వేశాను.

కాడ పొట్టిదైతే వెనక అంత ఇసుక అక్కర్లేదు.
మూత విప్పి ఒంపుతుంటే
ఆమె సీసా ముందుకు తోసింది.
"ఇవి పనికొస్తాయా?
అంత దూరం నుంచి దానికి వినబడవు కదా?"
"వినబడవు."
పలకను పాత సాక్సు ముక్కలో చుట్టి,
మరలు లెక్కపెట్టి ఏడూ వేసి,
కదలకుండా దూది కుక్కి మూత బిగించాను.

కొట్టంతా తిరిగింది.
ఎడమ కాలు, కుడి కాలు, ఎడమ కాలు.
యంత్రం నోరు మెదపలేదు.
ఆమె కూడా.

డబ్బులిచ్చేటప్పుడు
బరువు తనదే కాబట్టి ధర తగ్గించమంది.
తగ్గించాను.
గుమ్మం దగ్గర బురద గీసుకునే ఇనుప పట్టీ మీదుగా పోతుంటే
యంత్రం కెవ్వుమంది.
ఒక్క క్షణం ఆగి, వంగి కాలు చూసుకుంది.
తర్వాత పట్టీని చూసి
"ఇది నీదే" అని చెప్పి వెళ్లిపోయింది.